తూముకి కట్టిన తుంగ

మా చెల్లెలి కూతురు ఈమధ్యే నీటిపారుదల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరింది. దివిసీమ వైపు పోస్టింగు ఇచ్చారు. బయల్దేరే ముందు రోజు విజయవాడలో మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పు కలుపుకుంటూ ఒక ప్రశ్న వేసింది.

"మావయ్యా, అక్కడ ఎవరితో జాగ్రత్తగా ఉండాలి? పార్టీ వాళ్ళతోనా, డబ్బున్న వాళ్ళతోనా?"

"ఇద్దరితోనూ" అనేసి పెరుగు వెయ్యమన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా కాలవగట్ల మీద తిరిగిన మనిషి చెప్పాల్సింది అంతకంటే కాస్త పొడుగ్గా ఉంటుంది. పైగా అందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. అది ఇంతవరకూ ఇంట్లో కూడా చెప్పలేదు. భోజనాల దగ్గర నోరు రాలేదు గనుక, ఆ అమ్మాయికీ ఆమెతోపాటు ఉద్యోగంలో చేరినవాళ్ళకీ కలిపి ఇలా రాస్తున్నాను.

ప్రమోషన్లు, మెమోలు, ఆడిట్ అభ్యంతరాలు ఇందులో ఉండవు. అవి మీకూ వస్తాయి, పోతాయి. ఊళ్ళ పేర్లు కూడా రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

వంతు అంటే ఏమిటి

నీరు పల్లమెరుగు అంటారు. కాలేజీలో మాకూ అదే చెప్పారు. ఉద్యోగంలో చేరాక చూస్తే, పల్లంలో ఉన్నవాడికే ఆఖరున అందుతున్నాయి. కాలవ మొదట్లో ఉన్నవాడు తడుపుకుని, మధ్యలో ఉన్నవాడు తడుపుకుని, మిగిలితే శివారుకి. డెల్టాలో శివారు రైతు అంటే ఎప్పుడూ కాలవ వైపు చూస్తూ నిలబడ్డ మనిషి. బోరు వేసుకుందామన్నా అక్కడ పడేది ఉప్పునీళ్ళే.

చల్లపల్లి అవతల ఒక పిల్లకాలవ నా సెక్షన్లో ఉండేది. దాని మధ్యలో ఒక ఊరికి నీళ్ళు మళ్ళించే తూము, చివర ఒక శివారు ఊరు. నీళ్ళు తక్కువైన ఏడు వంతులు పెడతాం. కొన్ని రోజులు ఎగువకి, కొన్ని రోజులు శివారుకి. శివారు వంతు నడిచినన్నాళ్ళూ మధ్య తూము షట్టరు దించి తాళం వెయ్యాలి. లేకపోతే చుక్క కిందికి దిగదు. తాళం చెవి కాలవ కాపలా చూసే లస్కరు దగ్గర ఉంటుంది. మా లస్కరు నాంచారయ్య. కాలవ గట్టు మీదే పుట్టి పెరిగినవాడు.

ఆ ఊళ్ళకి తాళం మీద నమ్మకం లేదు. తాళానికి చెవి ఉంటుంది, ఆ చెవి ఒక మనిషి దగ్గర ఉంటుంది, ఆ మనిషికి మొహమాటాలుంటాయి. అందుకని వాళ్ళకొక పద్ధతి. వంతు మొదలయ్యే పొద్దున శివారు నుంచి ఒకరు వచ్చి, గట్టున మొలిచిన తుంగ కోసి, పిడికెడు కట్ట చేసి షట్టరు హ్యాండిల్‌కి ముడేస్తారు. కట్టినవాళ్ళే విప్పాలి. మధ్య ఊరి వాళ్ళు ఎంత కడుపుమంటతో ఉన్నా దాన్ని ముట్టుకోరు. ఎందుకంటే వాళ్ళకీ పైన ఇంకో తూము ఉంది, దానికి వాళ్ళు కట్టుకునే తుంగ ఉంది.

మా మాన్యువల్‌లో ఈ తుంగ సంగతి ఎక్కడా లేదు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వాను. నాంచారయ్య నవ్వలేదు.

"తాళం గవర్నమెంటుదండి. ఇది మాత్రం వాళ్ళదండి" అన్నాడు.

కారు దిగిన మనిషి

ఒక ఏడు వానలు వెనకబట్టాయి. ఆగస్టు దాటుతున్నా వరి ఊడ్పులు సగం కూడా కాలేదు. శివారు వంతు నడుస్తోంది. ఆ ఊరి నుంచి వచ్చి తుంగ కట్టింది రత్తమ్మ అనే ఆవిడ. రెండెకరాలు కౌలుకి చేసేది. అప్పటికే ఆకుమడిలో నారు పోసుకుని ఉంది. ఊళ్ళో అందరికంటే ముందు లేచేది ఆవిడే గనుక ఆ పని ఆవిడ మీద పడింది.

వంతు రెండో రోజున నాకు ఫోను వచ్చింది. ముందు ఎవరో "సారు మాట్లాడతారు" అన్నారు. తర్వాత సారు వచ్చారు. మా నియోజకవర్గం నాయకుడు. పేరు అనవసరం.

"ఏవయ్యా ఇంజనీరూ, మధ్య తూము ఎత్తు. మావాళ్ళ ఊడ్పులు ఆగిపోయినయ్."

"శివారు వంతు నడుస్తోంది సార్. ఇంకా మూడు రోజులుంది."

"వంతులు నాకు చెప్పమాక. సాయంత్రంలోగా ఎత్తకపోతే వచ్చే వారం ఏ అడవిలో ఉంటావో చూసుకో."

పిల్లల పరీక్షలు, ఇంటి అద్దె, అమ్మ మందులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మా పై అధికారి ఈఈ గారికి ఫోన్ చేశాను. ఆయన మాటల్లో తడి తక్కువ, బుర్రలో పదును ఎక్కువ.

"భయపడ్డావా?"

"పడ్డాను సార్."

"మంచిది. భయం లేనివాడు కాగితం రాయడు. గేజీ పుస్తకం తీసి రాయి. ఫలానా టైముకి ఫలానా వారు తూము ఎత్తమన్నారు అని. రాసింది వాళ్ళకే చదివి వినిపించు. గొంతు మాత్రం పెంచకు."

రోజూ నీటిమట్టాలు రాసే ఆ పుస్తకంలో అలాగే రాసి, తిరిగి ఫోన్ చేశాను. చదివి వినిపించగానే అవతల ఫోను పెట్టేశారు. గంటన్నరకల్లా రెండు కార్లు తూము దగ్గర ఆగాయి. నాయకుడి వెనక మధ్య ఊరి వాళ్ళు పాతిక మంది. ఇంతలో శివారు నుంచి రెండు ట్రాక్టర్లు వచ్చాయి. ఎవరు కబురు చేశారో నేను అడగలేదు. నాంచారయ్య మాత్రం కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు.

రత్తమ్మ ట్రాక్టర్ దిగి నేరుగా వచ్చి షట్టరు హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. అటూ ఇటూ కర్రలున్నాయి. ఒక్క మాట తూలితే తలలు పగిలేవే.

"ఏమ్మా, ఎవరి మనిషివి నువ్వు?" అన్నాడు నాయకుడు.

"ఎవరి మనిషినీ కాదండి. ఆకుమడి పోసుకున్న మనిషిని."

"పక్కకి జరుగు."

"జరుగుతానండి. మొన్న మీరు ఓట్లకొచ్చినప్పుడు మా అరుగు మీదే కూర్చున్నారు. మజ్జిగ తాగి, నీళ్ళకి నాదీ పూచీ అన్నారు. ఆ అరుగు యాడికీ పోలేదండి. మళ్ళా రావాల్సింది మీరేగా."

అక్కడక్కడా సెల్‌ఫోన్లు పైకి లేచాయి. ఆయన శివారు వాళ్ళని చూశాడు, మధ్య ఊరి వాళ్ళని చూశాడు. ఎటు ఎన్ని తలలున్నాయో లెక్క వేసుకున్నట్టే ఉంది. తర్వాత నవ్వి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మన ఇంజనీరు గారు రూలు ప్రకారం పోతున్నారు. మనమే గౌరవించకపోతే ఎట్టా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. కారెక్కుతూ నాకొక్కడికే వినపడేలా "నీ సంగతి తర్వాత" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ నెలలోనే నా బదిలీ ఫైలు కదిలింది. మా ఈఈ గారు దాన్ని ఎక్కడ, ఎలా ఆపారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు శివారుకి నీళ్ళు అందాయి. రత్తమ్మ ఊడ్పులు అయిపోయాయి. నేను మగాణ్ణని, మొనగాణ్ణని అనుకుంటూ ఇంటికి వెళ్ళాను.

రాజకీయం మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. శివారు ఊరు ఇంకా చిన్నదై, అక్కడ ఓట్లు తక్కువై ఉంటే కథ వేరేగా ఉండేది. కర్ర ఉన్నవాడిదే బర్రె. కాకపోతే ఆ కర్ర ఎవరి చేతిలో ఉందో అందరికీ కనపడుతుంది. అధికారం నడవాలంటే ఎవరో ఒకరు "చెయ్యి" అని చెప్పాలి. చెప్పిన మనిషికి పేరుంటుంది, మళ్ళీ ఓటడగడానికి రావాల్సిన పని ఉంటుంది. చెయ్యి అన్నవాడికి చెయ్యను అని చెప్పొచ్చు. ఉద్యోగం పోతే పోతుంది, అది వేరే సంగతి.

గొంతు పెంచని మనిషి

రెండేళ్ళ తర్వాత మళ్ళీ నీళ్ళు తక్కువయ్యాయి. అప్పటికి మధ్య తూము పక్కన చేపల చెరువులు వెలిశాయి. ఆసామి పేరు ప్రసాదు గారనుకోండి. మృదువైన మనిషి. లస్కరుని కూడా "నాంచారయ్య గారూ" అనేవాడు. నా ఆఫీసుకి ఎప్పుడూ స్వీటు ప్యాకెట్ తేలేదు, పండక్కి కవరు పంపలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. ఊళ్ళల్లో టీ కూడా తాగేవాణ్ణి కాదు. దానికి నాకు మంచి పొగరుండేది. డబ్బు నా దగ్గరికి వస్తే ఎలా తిప్పికొట్టాలో ఎన్నోసార్లు మనసులో అనుకుని ఉంచుకున్నాను. అది నా దగ్గరికి రానే రాలేదు.

ఒక ఉదయం ప్రసాదు గారు శివారు ఊరి పెద్దతో కలిసి వచ్చారు. పెద్ద చేతిలో ఒక కాగితం. ఈసారి మా వంతు నీళ్ళు మాకు అక్కర్లేదు, పంట వెయ్యడం లేదు, మధ్య తూముకి ఇచ్చుకోవడానికి మాకు అభ్యంతరం లేదు అని రాసి ఉంది. కింద ఊళ్ళో భూములున్న ప్రతివాడి సంతకం.

"పండిస్తే మిగిలేదానికంటే ఈయనిచ్చేదే ఎక్కువండి. తెగుళ్ళు లేవు, తుఫాను భయం లేదు" అన్నాడు పెద్ద.

"నేను ఎవర్నీ బలవంతం చెయ్యలేదండి. ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి అడిగాను. సరే అన్నారు" అన్నారు ప్రసాదు గారు.

వంతు రోజుల్లో చెరువులకి నీళ్ళు వదలకూడదని రూలుంది. నాకు తెలుసు. కానీ నీళ్ళు ఎవరివో వాళ్ళే వద్దంటుంటే మధ్యలో నాకెందుకు అనిపించింది. కాగితం మీద నేను సంతకం చెయ్యలేదు. కుదరదనీ అనలేదు. తల ఊపాను, అంతే. ఒక ఊరంతా ఒప్పుకున్నదాన్ని నేను కాదంటే పనిగట్టుకుని గొడవ చేసేవాడిలా కనపడతానని భయపడ్డాను.

ముడి

శివారు వంతు మొదటి రోజు పొద్దున్నే తూము దగ్గరికి వెళ్ళాను. ప్రసాదు గారు, ఊరి పెద్ద అప్పటికే వచ్చి ఉన్నారు. షట్టరు దించి ఉంది. హ్యాండిల్‌కి తుంగ కట్టి ఉంది.

"ఎవరు కట్టారు?" అన్నాను.

"రత్తమ్మండి. చీకటితోనే వచ్చి కట్టేసి పోయింది" అన్నాడు నాంచారయ్య.

"ఊరంతా వద్దన్నారు కదయ్యా!"

"ఊరంతా అంటే భూములున్నోళ్ళండి. ఆవిడ కౌలుకి చేస్తంది గదండి. ఆవిణ్ణి ఎవరడుగుతారు? ముందే ఆకుమడి పోసేసింది. ఈ వంతు నీళ్ళు పడకపోతే పోద్దండి."

ఊరి పెద్ద విసుక్కున్నాడు. "ఆవిడ భూమి ఓనరు సంతకం పెట్టాడండి. ఇంకేం కావాలి? ఒక్క మనిషి కోసం ఊరి ఒప్పందం ఆపుతారా?"

ప్రసాదు గారు నెమ్మదిగా అన్నారు. "ఆవిడకీ ఇస్తానన్నానండి. ఎంత కావాలో చెప్పమన్నాను. నాకు నీళ్ళే కావాలి అంటదండి. దానికి నేనేం చెయ్యను?"

నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. అమ్మనని చెప్పే మనిషితో ఎలా మాట్లాడాలో ఆయన ఎక్కడా నేర్చుకోలేదు. అందులో ఆయన్ని తప్పుపట్టను.

నేను నిలబడ్డాను. నాకు ఏ ఫోనూ రాలేదు. ఎవరూ బెదిరించలేదు. గేజీ పుస్తకంలో రాసుకోవడానికి ఒక్క మాట లేదు. ఎవరైనా బెదిరించి ఉంటే మొండికేసి నిలబడేవాణ్ణేమో. అందరూ మర్యాదగా, నా నోటి మాట కోసం కాచుకుని ఉన్నారు. ఆ మర్యాద ముందు నా ధైర్యం ఎందుకూ కొరగాకుండా పోయింది.

"విప్పు" అన్నాను నాంచారయ్యతో.

"నేను కట్టలేదండి. నేను విప్పను."

"ఇది ఆర్డరు."

"సస్పెండ్ చేసుకోండి సార్. తాళం తియ్యమంటే తీస్తాను. అది మాత్రం ముట్టుకోను."

తాళం తీశాడు. హ్యాండిల్ దగ్గరికి నేనే వెళ్ళాను. రాత్రి తడికి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగితే తుంగ అంచు కోసుకుని వేలు చీరుకుంది. ఎవరూ నా వైపు చూడలేదు. ఊరి పెద్ద కూడా కాలవలోకి చూస్తున్నాడు. ముడి ఊడింది. కట్టని నీళ్ళలో వెయ్యబోయి, వెయ్యలేక గట్టు మీద పెట్టాను. షట్టరు లేచింది. కాపలా పెట్టిన కంచే చేను మేసింది. ఆ కంచెని నేనే.

మజ్జిగ

వంతు అయిపోయాక మనసు ఊరుకోక శివారు వెళ్ళాను. రత్తమ్మ ఆకుమడి దగ్గర ఉంది. పచ్చదనం పోయి గడ్డి రంగుకి తిరిగిన నారు పీకి, గేదెలకి మోపు కడుతోంది. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచింది.

"రండి బాబుగారూ. ఎండలో వచ్చారు. మజ్జిగ తాగుతారా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. మజ్జిగకి సిద్ధపడలేదు.

"అమ్మా, ఆ తుంగ విప్పింది నేనే" అన్నాను.

"తెలుసండి. నాంచారయ్య చెప్పాడు."

"నన్ను తిట్టమ్మా. ఆ రోజు అంత పెద్దాయన్ని నిలదీశావు."

ఆమె మోపు మీద కూర్చుంది. "ఆయన మీద అరిస్తే ఊరంతా నా వెనకుందండి. ఇప్పుడు ఎవరి మీద అరవను? భూమి ఆసామి కౌలు వదిలేశాను కదా అన్నాడు. ఊళ్ళోవాళ్ళు మా నీళ్ళు మా ఇష్టం అన్నారు. చెరువాయన ఎంత కావాలో చెప్పమ్మా అన్నాడు. మీరేమో ఇంత ఎండలో నా దగ్గరికొచ్చారు. అందరూ మంచోళ్ళేనండి. నా నారే ఎండింది."

మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఉద్యోగంలో చేరాక ఒక రైతు ఇంట్లో నేను తాగిన మొదటి గ్లాసు అది.

మా ఈఈ గారు అప్పటికి రిటైరై గుణదలలో ఉండేవారు. వెళ్ళి మొత్తం చెప్పాను. "అరిచేవాళ్ళ దగ్గర ఎలా నిలబడాలో మాత్రమే నీకు నేర్పాను. అడిగేవాళ్ళ గురించి చెప్పలేదు. అది నా తప్పు" అన్నారు.

నాకు అర్థమైనంతలో తేడా ఇదీ అమ్మాయీ. నాయకుడు ఎంత చెడ్డవాడైనా, తలలు లెక్కపెట్టేటప్పుడు అతని లెక్కలో రత్తమ్మ ఒకటి. సెంటు భూమి లేకపోయినా ఒకటే. ప్రసాదు గారు ఎంత మంచివాడైనా, ఆయన లెక్కలో అమ్మడానికి ఏదైనా ఉన్నవాళ్ళే ఉంటారు. రత్తమ్మ లేదు. అధికారం నలుగురి మధ్యకి వచ్చి గద్దిస్తుంది గనుక నలుగురూ కలిసి ఎదురు తిరగొచ్చు. డబ్బు ఒక్కొక్కళ్ళ అరుగు మీదికి విడివిడిగా వెళ్ళి కూర్చుంటుంది. నీ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒప్పుకుని ఉంటారు. అప్పుడు నువ్వు వెతకాల్సింది కాగితం మీద ఎవరి సంతకం ఉందని కాదు, ఎవరిది లేదా అని. నేను వెతకలేదు.

ఆ మరుసటి ఏడు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, తర్వాతి ఏడూ నీళ్ళు తక్కువే కావడంతో వంతులు మొదలవకముందే రెండు ఊళ్ళవాళ్ళనీ తూము దగ్గరికి పిలిచాను. శివారు వంతు వదులుకోవాలంటే భూమి ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే చాలదు, పొలంలో దిగి చేసేవాళ్ళు ఒప్పుకోవాలి, తుంగ కట్టేదీ విప్పేదీ వాళ్ళే అని చెప్పాను. ఊరి పెద్ద గొణిగాడు. నేను గొంతు పెంచాను. నా చేతిలో ఉన్న కాస్త అధికారాన్నీ సిగ్గు లేకుండా వాడాను. ప్రసాదు గారు మాత్రం "మంచిదండి, న్యాయంగా ఉంది" అన్నారు. ఆయన ఎందుకంత తేలిగ్గా ఒప్పుకున్నారో నాకు అప్పుడు తట్టలేదు.

వంతు రోజు పొద్దున నేనే ముందు వెళ్ళాను. గట్టు దిగి నా చేత్తో తుంగ కోసి ఉంచాను. రత్తమ్మ వస్తే ఇద్దామని. ఎండెక్కింది. శివారు దారిలో ఎవరూ రాలేదు.

"ఇంకా రాలేదేమయ్యా?" అన్నాను.

నాంచారయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఈ ఏడు శివారులో ఎవరూ కౌలుకి తీసుకోలేదండి. ఓనర్లు ఇవ్వనన్నారు. పొలం ఖాళీగా ఉంచి, నీళ్ళు చెరువాయనకి ఇస్తేనే వాళ్ళకి లాభమంట."

"మరి రత్తమ్మ?"

అతను తూము పక్క చెరువుల వైపు చెయ్యి చూపించాడు. "చేపలకి మేత చల్లే పనికి పోతందండి. కూలి బానే ఇస్తారంట."

దూరంగా చెరువు గట్టు మీద ఎవరో తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు. ఆమో కాదో అంత దూరం నుంచి తెలియలేదు. వెళ్ళి చూసే ధైర్యం చెయ్యలేదు. నేను పెట్టిన షరతు ప్రకారం పొలంలో దిగి చేసేవాళ్ళు ఒప్పుకోవాలి. పొలంలో ఎవరూ లేరు. అభ్యంతరం చెప్పేవాళ్ళూ లేరు.

నాంచారయ్య తాళం చెవి తీసి నా మొహం వైపు చూశాడు.

"ఎత్తమంటారా సార్?"

తుంగ ఇంకా నా చేతిలోనే ఉంది.